మనవరాలి నడక

"పిల్లకి కాలేమైనా బాగులేదట్రా?" అన్నారు నాన్నగారు టీవీ ముందు కూర్చుని. చెప్పొద్దూ, నా గుండె ఝల్లుమంది.

డల్లాస్ నుంచి మా చెల్లెలు పంపిన వీడియో అది. మేనకోడలి తొలి అడుగులు. ఫోనులో బొమ్మ నాన్నగారి కంటికి ఆనదని, 2011 నాటి పాత కంప్యూటరును టీవీకి తగిలించాను. బొమ్మ కాస్త కదిలి ఆగిపోతోంది. కుంటుతున్నట్టే ఉంది మరి!

లోపం పిల్లది కాదు. ఇప్పటి ఫోన్లు చాలావరకు వీడియోను హెచ్.265 పద్ధతిలో మడతపెడతాయి. ఆ మడత విప్పే ఏర్పాటు మా పాత చిప్పులో లేదు. భారమంతా ప్రాసెసరు మీద పడి, పాపం, అది ఆయాసపడుతోంది.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకి వెళ్ళాను. కొట్టు కుర్రాడు ముందు గేమింగు కార్డు చూపించాడు. నా జీతంలో సగం! పైగా ఎస్సెంపీఎస్ కూడా మార్చాలట. తర్వాత చవకలో జీటీ 710 తీసి, "2 జీబీ మెమరీ సార్!" అన్నాడు. ఉంటే ఏం లాభం? దానికీ మడత విప్పడం రాదు. జీటీ 1030 అడిగాను. 2017లో వచ్చిన రకం. దీనికీ 2 జీబీయే, గాని హెచ్.265 తెలుసు. 30 వాట్లు చాలు. ఫ్యాను లేనిది దొరికింది గనుక చప్పుడూ లేదు.

రాత్రి బిగించి మళ్ళీ వేశాను. నాన్నగారు ముందుకి వంగి, చాలాసేపు మాట్లాడకుండా చూశారు.

"అచ్చం మీ అమ్మ నడకేరా" అన్నారు.