ఎవరి భుజానికి ఈ గిటారు?

అకూస్టిక్ గిటార్లలో బాగా చలామణీలో ఉన్న పెద్ద ఆకారం పేరు డ్రెడ్‌నాట్. బ్రిటిష్ యుద్ధనౌక పేరది. 1916లో మార్టిన్ కంపెనీ తయారుచేసింది. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఇళ్ళ ముందుగదుల్లో ఆడవాళ్ళు వాయించిన చిన్న గిటార్లు ఆ హోరులో వెనక్కి పోయాయి.

డ్రెడ్‌నాట్ మంద్రం నాకిష్టమే. కానీ ఆ వెడల్పాటి పొట్ట మీదుగా చెయ్యి వేసి గంట వాయిస్తే భుజం లాగేస్తుంది. అలవాటవుతుందిలే అంటారు. (మనకు కొత్త మాటా ఇది?)

కార్బన్ ఫైబర్ తేమకి ఉబ్బదు, ఎండకి పగలదు. కావలసిన వంపుతో అచ్చు పోసుకోవచ్చు. ఐర్లండ్‌లో తయారయ్యే ఎమరాల్డ్ ఎక్స్7 చిన్నది; చెయ్యి ఆనేచోట అంచు వాలుగా ఉంటుంది. మంద్రం పలచన, పైతీగలు మాత్రం స్పష్టం. పెద్ద రెయిన్‌సాంగ్‌లో పైపలక కింద చెక్కగిటార్లకుండే ఆధారపు పట్టీలు లేవు. నాదం మెరుస్తుంది, చాలాసేపు నిలుస్తుంది. పాత చెక్క వెచ్చదనం రాదు. భుజం సంగతి మళ్ళీ మామూలే.

టోన్ ముందు, సౌఖ్యం తర్వాత అనే సమీక్షకులతో నాకు పేచీ. నొప్పితో బిగిసిన చెయ్యి తీగని మీటితే వినబడేదీ టోనే కదా! నా ఓటు ఎక్స్7కే. ధర మాత్రం లక్ష రూపాయలు దాటుతుంది.