400 ఏళ్ళ నాటి నీటిదారిలో నాలుగు రోజులు

90 పౌండ్లు. మన లెక్కలో 41 కిలోలు. ఒకప్పుడు కెనడాలో బొచ్చు వ్యాపారం చేసే కంపెనీలు కట్టే ఒక్కో మూట బరువది. పడవ ముందుకు పోలేని చోటల్లా ఒక్కో మనిషి అలాంటివి రెండేసి మోసేవాడు. చేతుల్తో కాదు. నుదుటికి తోలుపట్టీ వేసుకుని, దానికి కట్టిన మూటల్ని వీపు మీదికి వదిలి, నడుం వంచి, రాళ్ళ మీద దాదాపు పరుగు! మన కావడి బరువు భుజం మీద ఉంటుంది. వాళ్ళ బరువంతా మెడ మీదే.

వీళ్ళని వోయజర్లు అంటారు. మాంట్రియల్ దగ్గర బయల్దేరి, 36 అడుగుల బర్చ్ బెరడు పడవల నిండా సరుకు వేసుకుని, నదులూ సరస్సులూ దాటుకుంటూ వందల మైళ్ళు లోపలికి పోయేవాళ్ళు. ఎందుకంటే, యూరప్‌లో బీవర్ బొచ్చు టోపీల ఫ్యాషన్ కోసం! రోజుకి 14 గంటలు తెడ్డు వేయడం మామూలే. దూరాన్ని ‘పైపు’ల్లో లెక్కపెట్టేవాళ్ళు. పొగ తాగడానికి ఎన్నిసార్లు ఆగితే అన్ని పైపుల దూరం. పక్క ఊరు ఎంత దూరమని అడిగితే మా తాతయ్య కూడా ‘ఒక చుట్ట కాలేంత’ అనేవాడు. అది చదివినప్పుడే ఈ వోయజర్లు నాకు దగ్గరి చుట్టాల్లా అనిపించారు.

వాళ్ళు వెళ్ళిన దారిలో ఓ ముక్క, ఫ్రెంచ్ రివర్. కెనడాలోని ఒంటారియోలో నిపిసింగ్ సరస్సు నుంచి హ్యూరాన్ సరస్సులోని జార్జియన్ బే దాకా 110 కిలోమీటర్లు పారే నది. కెనడా ప్రభుత్వం 1986లో ‘హెరిటేజ్ రివర్’గా గుర్తించిన మొట్టమొదటి నది ఇదే. పోయిన జులై చివర్లో నాలుగు రోజులు ఆ నదిలో కెనూలో ప్రయాణం చేశాం. ఇంతకీ నాకు ఈతరాదు!

పరీక్ష పుస్తకంలో పేర్లు

టొరంటోలో నాది టెస్టింగ్ ఉద్యోగం. వచ్చి ఆరేళ్ళు దాటింది. పౌరసత్వం పరీక్షకి చదువుతుంటే అన్వేషకుల పేర్లు వరసగా వచ్చాయి... కార్టియే, షాంప్లేన్. ఫలానా సంవత్సరంలో ఫలానా ఆయన ఫలానా చోటు చేరుకున్నాడు. పరీక్షకి అంతే చాలు. పాసయ్యాను కూడా.

కానీ షాంప్లేన్ దగ్గర ఓ ప్రశ్న మిగిలిపోయింది. 1615లో ఆయన ఒట్టావా నది మీద ఎదురెక్కి, మట్టావా నది పట్టుకుని, నిపిసింగ్ సరస్సు దాటి, ఫ్రెంచ్ రివర్ మీదుగా హ్యూరాన్ సరస్సు చేరాడు. జీపీయస్ లేదు, మ్యాప్ లేదు. ప్రతి వంకలోనూ నది నాలుగు పాయలై చీలిపోతుంది. మరి దారి ఎలా తెలిసింది?

జవాబు ఆయన రాసుకున్న యాత్రా కథనంలోనే ఉంది. రెండు కెనూలు. ఆయనా, ఒక దుబాసీ, ఒక పనివాడూ... మిగతా పదిమందీ ఆదివాసులు. దారి వాళ్ళది, పడవ వాళ్ళది, తెడ్డు వాళ్ళది. పేరు మాత్రం ఆయనది! ఆ పదిమందీ అందులో ఒక అంకె, అంతే.

ఆ నదిని కళ్ళారా చూడాలని అప్పుడే అనుకున్నాను. నా రూమ్మేట్‌ని అడిగితే, “ఏందక్కా, నీకు ఈత రాదు, నాకు పాములంటే భయం. ఎట్ల పోదం?” అంది. ఆమెది వరంగల్. అన్నట్టు, ఆ పక్క రాళ్ళలో మసాసాగా అనే గిలకపాము ఉంటుంది కూడా. ఆ సంగతి బయల్దేరాకే చెప్పాను. మా ఆఫీసులో ఇద్దరు అబ్బాయిలు కలిశారు. ఒకతనికి గోప్రో కెమెరా ఉంది. అతని ఉత్సాహమంతా దాన్లోనే.

షాంప్లేన్‌కి పదిమంది ఉన్నారు కదా, మాకు ఒకరైనా ఉండాలని గైడ్‌ని పెట్టుకున్నాం. 50 దాటిన ఆవిడ, అనిషినాబే. ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగారు. ‘ప్రకృతి తల్లి’ లాంటి మాటలు చెబుతారేమో అనుకున్నాం. ఆవిడ మొదట అడిగింది, “కాఫీ పొడి ఎంత తెచ్చారు?” అని!

కాడి కింద తల

వూల్స్లీ బే దగ్గర పడవలు దించాం. కెనూ చూస్తే సులువనిపిస్తుంది. ఎక్కాక తెలుస్తుంది. ఇద్దరూ చెరోపక్క తెడ్డు వేస్తున్నా పడవ గుండ్రంగా తిరుగుతుంది. వెనక కూర్చున్నవాళ్ళు తెడ్డు వేసిన ప్రతిసారీ చివర్లో మణికట్టు తిప్పి నీళ్ళని పక్కకి నెట్టాలి. అదే చుక్కాని. ఆ తిప్పడం అబ్బేసరికి మొదటి రోజు మధ్యాహ్నం అయిపోయింది. అరచేతుల్లో బొబ్బలు లేచాయి.

నీళ్ళు వేగంగా రాళ్ళ మీద దూకే చోట్లని ర్యాపిడ్స్ అంటారు. అక్కడ పడవ నడవదు. గట్టుకి లాగి, సామాను దించి, పడవతో సహా అన్నీ మోసుకుంటూ అవతలికి నడవాలి. దీన్నే పోర్టేజ్ అంటారు. కెనూ మధ్యలో అడ్డంగా ఓ చెక్క ఉంటుంది, రెండు భుజాలకీ సరిపోయేలా వంపు తిప్పి. దాని కింద తలపెట్టి పడవని బోర్లా ఎత్తుకోవాలి. దాన్ని ఏమంటారని అడిగితే ‘యోక్’ అన్నారు. అంటే కాడి! నాగలికి ఎద్దుని కట్టే కాడే. ఆ పేరు ఎందుకు పెట్టారో రెండు నిమిషాల్లో నా భుజాలకి అర్థమైంది. మాది 16 అడుగుల ప్లాస్టిక్ పడవ, 30 కిలోల పైచిలుకు. వోయజర్ల బరువు ముందు ఇది ఏమూలకి?

అసలు కెనూ అనే వస్తువే ఓ అద్భుతం. బర్చ్ చెట్టు బెరడు, లోపల దేవదారు బద్దలు, స్ప్రూస్ చెట్టు వేళ్ళతో కుట్లు, కుట్ల మీద నీళ్ళు రాకుండా అదే చెట్టు జిగురు. మేకు ఒక్కటి ఉండదు. మన కృష్ణమ్మ మీద పుట్టిని వెదురుతో అల్లి కిందంతా తోలు కప్పినట్టే, చుట్టూ అడవిలో దొరికేదాంతోనే పడవ. రాయి తగిలి చిరిగిందా, గట్టున ఆగి, బెరడు చెక్కి, జిగురు కాచి అతికించేస్తే సరి. యూరప్ నుంచి వచ్చినవాళ్ళ బరువైన చెక్క పడవలు ఇక్కడ పనికిరాలేదు. ఆదివాసుల పడవ ఎక్కాకే వాళ్ళు లోపలికి పోగలిగారు.

బిగ్ పైన్ దగ్గర పంచాయితీ

రెండోరోజు బిగ్ పైన్ ర్యాపిడ్స్. దూరం నుంచే హోరు వినిపించింది. గైడ్ పడవలు గట్టుకి పట్టించి, రాయి మీద నిలబడి చాలాసేపు నీళ్ళకేసి చూశారు.

“మోసుకుపోదాం” అన్నారు.

గోప్రో అబ్బాయి ఒప్పుకోలేదు. “వీడియోల్లో అందరూ దిగుతున్నారు కదండీ! ఇంత దూరం వచ్చింది మోయడానికా?”

ఆవిడ వాదించలేదు. గట్టున ఒక రాయి చూపించారు. తడి గీత రాయి పైదాకా ఉంది. “పోయిన వారం ఈ రాయి సగం బయట ఉంది. పైన వానలు పడ్డాయి. నీ వీడియో తీసిన రోజు ఈ రాయి ఎక్కడుందో చెప్పు, దిగుదాం.”

అతను ఏమీ మాట్లాడలేదు. నా గుండె మాత్రం లైఫ్ జాకెట్ బయటికి వినిపించేంత గట్టిగా కొట్టుకుంటోంది. మోశాం. మూడు విడతలు తిరిగాం. దోమలు, చెమట, కాలికింద జారే నాచు.

వోయజర్లలోనూ ఇదే పంచాయితీ ఉండేది. ఒక్క ర్యాపిడ్‌ పడవలోనే దాటేస్తే గంటల మోత తప్పుతుంది. అందుకని తెగించేవాళ్ళు. ఓడిపోయినవాళ్ళ కోసం గట్టున చెక్క శిలువలు పాతేవాళ్ళు. 1960ల్లో డైవర్లు ఈ నది ర్యాపిడ్స్ అడుగున వెతికితే అప్పటి వ్యాపార సరుకు బయటపడింది. గొడ్డళ్ళ లాంటి వస్తువులు వందల ఏళ్ళు నీళ్ళలోనే ఉండిపోయాయి. ప్రతి వస్తువు వెనకా ఏదో ఒక పడవ బోల్తా పడి ఉంటుంది కదా. ఆ రాత్రి టెంటులో హోరు వింటూ పడుకుంటే నాకదే ఆలోచన. ర్యాపిడ్ ఎక్కడుందో మ్యాప్ చెబుతుంది. ఇవాళ దిగొచ్చో లేదో, ఆ గట్టున పెరిగిన మనిషే చెప్పాలి.

బొగ్గుతో గీసిన మ్యాప్

మూడోరోజు క్యాంపు పక్కన రాళ్ళ సందుల్లో బ్లూబెర్రీలు విరగకాశాయి. నా రూమ్మేట్ పాముల సంగతి మర్చిపోయి దోసిళ్ళతో ఏరింది. అప్పుడు గైడ్ చెప్పిన కథ షాంప్లేన్‌ కథనంలోనూ ఉంది.

ఈ నది హ్యూరాన్ సరస్సులో కలిసే చోట ఆయనకి 300 మంది ఒడావా జాతివాళ్ళు కనిపించారు. శీతాకాలం కోసం బ్లూబెర్రీలు ఏరి ఎండబెట్టుకుంటున్నారు. షాంప్లేన్ వాళ్ళ నాయకుడికి ఓ గొడ్డలి కానుకగా ఇచ్చి, మీ దేశం ఎలా ఉంటుందని అడిగాడు. ఆ నాయకుడు ఒక చెట్టు బెరడు ముక్క తీసుకుని, దాని మీద బొగ్గుతో తన దేశాన్ని గీసి చూపించాడు.

షాంప్లేన్ మ్యాపులు ఇప్పుడు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ బెరడు ముక్క లేదు. ఆ నాయకుడి పేరూ ఆ కథలో లేదు.

మెకంజీ సంగతీ అంతే. 1793లో ఆయన పసిఫిక్ తీరం చేరి ఓ బండ మీద ఎర్రరంగుతో పేరూ తేదీ రాశాడు. కానీ ఆయన చివరి రోజుల్లో నడిచింది చేపనూనె వ్యాపారం కోసం అక్కడి జనం ఎన్నో తరాలుగా నడిచిన కాలిబాట మీద. స్థానికులు దారి చూపించారు, తమ పడవల్లో దించారు. వాళ్ళ పేర్లు బండ మీద లేవు.

ఇది విని ‘అయితే షాంప్లేన్, మెకంజీ గొప్పవాళ్ళు కాదా?’ అని అడక్కండి. నాలుగు రోజులు తెడ్డు వేసినదాన్ని, వాళ్ళ తెగువని తక్కువ చెయ్యను. కానీ ‘కనిపెట్టారు’ అనే మాట మాత్రం నా నోట్లోంచి ఇక రాదు. ‘అడిగి తెలుసుకున్నారు’ అంటే సరిపోతుంది. అదీ గొప్పే.

‘హిడెన్ జెమ్’ ఎవరికి?

మా అమ్మమ్మ వాళ్ళది కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఏ నెలలో ఎక్కడ సుడిగుండం ఉంటుందో, ఎక్కడ ఇసుక మేట వేస్తుందో అక్కడి పడవలవాళ్ళు చూసి చెప్పేస్తారు. ఇప్పుడు ఇన్‌స్టా తెరిస్తే ఆ కొండల్లోని జలపాతాల రీల్స్ వరసగా వస్తాయి. ‘ఎవరికీ తెలియని చోటు’, ‘హిడెన్ జెమ్’, ‘నేనే కనిపెట్టాను’! ఎవరికీ తెలియదా? ఆ పక్కనే ఉన్న కొండరెడ్ల గూడెంలో పిల్లలు రోజూ స్నానం చేసే చోటేమో అది! దారి చూపించిన కుర్రాడు వీడియోలో ఓ మూల అర సెకను కనిపిస్తాడు. షాంప్లేన్ 400 ఏళ్ళ కిందట చేసింది మనం ఫోన్‌తో చేస్తున్నాం, అంతే తేడా. ఈసారి రీల్ పెడితే ఆ కుర్రాణ్ణి అడిగి, సరేనంటే అతని పేరు కూడా రాయండి. ఖర్చేం లేదు కదా.

నా సంగతే చూడండి. ‘ఒంటరిగా కెనడా వచ్చి నిలదొక్కుకున్నాను’ అని ఇంట్లో గొప్పగా చెబుతుంటాను. విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్ళింది ఎవరు? మైనస్ 20లో ఏ బూట్లు కొనాలో చెప్పింది ఎవరు? మూడు నెలలు బేస్‌మెంట్లో చాప వేసుకోనిచ్చింది ఎవరు? ఓ సీనియర్ అక్క. ఇంటికొచ్చాక ఆమెకి ఫోన్ చేశాను. “ఏంటే ఇంత పొద్దున్నే?” అని కంగారుపడింది.

నాలుగోరోజు రెకోలే జలపాతం దగ్గర చివరి పోర్టేజ్. కాసేపటికి 69వ నంబరు హైవే బ్రిడ్జి, లారీల మోత. గోప్రో అబ్బాయి గైడ్ దగ్గరికెళ్ళి, వీడియోలో మీ పేరు వేయనా అని అడిగాడు. “వేయి. నా ఫోన్ నంబరు కూడా వేయి, బుకింగులు వస్తాయి” అన్నారావిడ.

ఇంకొక్కటి చెప్పాలి. మేం పడవెక్కిన చోటికి ఎగువన, ఇదే నది మీద డోకిస్ ఫస్ట్ నేషన్ ఉంది. 1850లో ఆ ప్రాంతపు ఆదివాసులతో బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. భూమి ఇచ్చినందుకు మనిషికి ఏటా ఇచ్చే సొమ్ము 1875లో 4 డాలర్లు అయ్యింది. ఆ తర్వాత దాదాపు 150 ఏళ్ళు అదే 4 డాలర్లు! అడవి, గనుల మీద ఎంత సంపాదన వచ్చినా అంతే. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 2023లో 21 ఫస్ట్ నేషన్లకి కలిపి 10 బిలియన్ డాలర్ల పరిహారం ఒప్పుకున్నారు. దారి చూపినవాళ్ళ పేర్లు మరచిపోతే ఏం పోయిందని అనుకోకండి. పేరు లేనివాళ్ళకి వాటా ఇవ్వాలని ఎవరికీ గుర్తుండదు.

సెప్టెంబరులో నా పౌరసత్వ ప్రమాణం జరిగింది. ఆన్‌లైన్లోనే. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అధికారి చెప్పగానే పాత పీఆర్ కార్డు కత్తెరతో కత్తిరించి, చెయ్యెత్తి ప్రమాణం చదవాలి. ఆ ప్రమాణంలో 2021లో ఓ మాట చేర్చారు. ఫస్ట్ నేషన్స్, ఇన్యుయిట్, మెటీ ప్రజల ఆదివాసీ హక్కులనీ, ఒప్పంద హక్కులనీ గుర్తించే రాజ్యాంగంతో సహా కెనడా చట్టాలని పాటిస్తానని. పరీక్షకి చదివేటప్పుడు అదొక పొడుగాటి వాక్యం, అంతే. ఆ రోజు మాత్రం అక్కడికి వచ్చేసరికి మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా చదివాను. పక్కన కూర్చున్న నా రూమ్మేట్, “నెట్ స్లో అయిందా అక్కా?” అని సైగ చేసింది.