పుచ్చకాయయు మాత్రయు

గత వేసవిలో మా యక్కగారు మాయింట నొకనెల యుండిరి. ఆమెకు రక్తపుపోటు కలదు. పదియేండ్లనుండి మాత్రలు మ్రింగుచున్నారు. విదేశముననున్న కుమారుడు సిట్రులిన్ అను పొడిని డబ్బాలో పంపెను. అది పుచ్చకాయనుండి తీసినదట, రక్తనాళములకు మంచిదట. “పండులోని సారమే కదే! కీడేమి చేయును?” అని అక్కగారు దినమును పొడి కలిపి త్రాగసాగిరి.

నేనును కుతూహలముచే ఆ సంగతి చదివితిని. 1914లో జపాను శాస్త్రజ్ఞులు దీనిని పుచ్చకాయరసమునుండి వేరుచేసిరి. ఇది యొక అమైనో ఆమ్లము. మన మూత్రపిండములు దీనిని ఆర్జినిన్ అను మరియొక ఆమ్లముగా మార్చును. రక్తనాళముల లోపలి పొర దానినుండి నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును పుట్టించును. ఆ వాయువు నాళపు కండరమును సడలింపగా నాళము విప్పారి రక్తము సులభముగా ప్రవహించును. ఈ రహస్యమును వెల్లడించిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆర్జినిన్‌నే తినినచో ప్రేగులలోను కాలేయములోను చాలవరకు నశించును; సిట్రులిన్ ఆ గండమును దాటిపోవును. ఇదియంతయు అక్కగారికి చదివి వినిపించి మురిసితిని.

ఒకనాటి యుదయమున ఆమె తల తిరిగి గడపయొద్ద కూలబడిరి. కొలిచి చూడగా పోటు 180. అప్పుడుగాని తెలియలేదు, నా మాటలు విన్ననాటనుండి ఆమె మాత్రలు మానివేసిరని!

వైద్యురాలు మమ్ము కోపింపలేదు. “పొడి అబద్ధము కాదు. కాని దానిపై జరిగిన పరీక్షలు పెక్కు కొలదిమందితో కొలదివారములు జరిగినవే. కొందరికి పోటు కొంచెము తగ్గినది, కొందరికి తగ్గలేదు. అది మాత్రకు బదులు కాజాలదు. మాత్రతో కలిపి వాడినను, గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారు త్రాగినను, పోటు మితిమీరి పడిపోవచ్చును. ముందుగా నాకు చెప్పవలదా?” అనిరి.

నేను సిగ్గుపడితిని. చదివినది నిజమే, దానికి హద్దెక్కడనో చెప్పకపోవుట నా తప్పు.

ఇప్పుడు అక్కగారు ఫలహారమైన వెంటనే మాత్ర వేసికొందురు. ఎండవేళ పుచ్చకాయ ముక్కలు తిందురు. పచ్చని పెచ్చు చెక్కివేసి, లోని తెల్లని భాగమును నేను సొరకాయవలె పులుసు పెట్టుదును. అందును సిట్రులిన్ కలదు. పండును పండుగా తిందము, మందును మందుగా మ్రింగుదము. ఒకదాని పీటపై మరియొకదానిని కూర్చుండబెట్టవలదు.