ఫ్రాన్సులో ఒక పక్షం ఎదిగిన తీరు

రాజనీతి శాస్త్ర తరగతిలో ఐరోపా ఎన్నికల విధానాలను గురించి పాఠం చెబుతున్న ఒకనాడు, వెనుక వరుసలో కూర్చున్న విద్యార్థిని ఒకతె లేచి, "నూటికి ఒక్క ఓటైనా రాని పార్టీ దేశంలో మొదటి స్థానానికి ఎట్లా వస్తుంది సార్?" అని అడిగింది. ఇంతలో గంట మ్రోగింది. మ్రోగకపోయినా మేము ఆనాడు సరియైన సమాధానం చెప్పగలిగి ఉండేవారము కాము. వార్షిక సంచిక సంపాదక వర్గంవారు వ్యాసం కోరినప్పుడు ఆ అమ్మాయికి మేము పడిన బాకీ జ్ఞప్తికి వచ్చింది.

ఆమె అడిగినది ఫ్రాన్సు దేశపు నేషనల్ ఫ్రంట్‌ను గురించి. ఈ పక్షం 1972 అక్టోబరులో పుట్టింది. దాని స్థాపకులలో ఒకరు, మొదటి కోశాధికారి, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హిట్లర్ ఎస్.ఎస్. దళంలో సైనికుడుగా పనిచేసినవాడు. నాయకుడుగా ఎన్నుకోబడిన జాఁ మరీ లె పెన్ బ్రిటనీ తీరంలోని ఒక జాలరి కుమారుడు. 1942లో తండ్రి పడవ సముద్రపు మైనుకు తగిలి బ్రద్దలైనందున బాల్యంలోనే పితృహీనుడైనాడు. పన్నులను ఎదిరించిన చిల్లర వర్తకుల ఉద్యమం తరపున 1956లో, 27 ఏళ్ళ ప్రాయంలోనే, పార్లమెంటులో ప్రవేశించినాడు. వాక్పటిమ మెండుగా గలవాడు. అయినప్పటికీ 1974 అధ్యక్ష ఎన్నికలో అతనికి ఒక శాతం ఓట్లు కూడా రాలేదు. 1981లోనైతే పోటీకి అవసరమైన 500 మంది ప్రజాప్రతినిధుల సంతకాలనే సంపాదించలేకపోయినాడు.

యుద్ధానంతరం దాదాపు ముప్పై ఏళ్ళపాటు ఫ్రాన్సు తన కర్మాగారాలకూ గనులకూ అల్జీరియా, మొరాకో, పోర్చుగల్ మొదలైన దేశాల నుండి కార్మికులను రప్పించుకొన్నది. 1973లో చమురు ధర మండిపోయింది. 1974లో క్రొత్త కార్మికుల రాకను ప్రభుత్వం నిలిపివేసింది. 1978లో నేషనల్ ఫ్రంట్‌వారు గోడల మీద ఒక లెక్క అంటించినారు: నిరుద్యోగులు పది లక్షలు, కనుక వలసదారులు పది లక్షలు ఎక్కువ. ఎంత సులభమైన లెక్క! వీధులు ఊడ్చే పనిని, కార్ల కర్మాగారంలో రాత్రి వంతును, వదలిపోయినవాని స్థానంలో ఎవరు చేస్తారన్న ప్రశ్న ఆ గోడపత్రంలో లేదు. కాని ఒక విషయం మన విద్యార్థులు గమనింతురు గాక. ఆ లెక్క గోడ మీదికి ఎక్కిన ఏడాది కూడా ఆ పక్షానికి ఓట్లు రాలేదు. నినాదం ఒక్కటే చాలదు. దానికి ఇతరుల సాయం కావాలి.

ఆ సాయం 1983 సెప్టెంబరులో ద్రూ అనే పట్టణంలో లభించింది. పారిస్‌కు పడమరగా ఉన్న ఈ చిన్న ఊరిలో కర్మాగారాలు ఉన్నవి, వలస కార్మికుల కుటుంబాలూ ఉన్నవి. పురపాలక ఎన్నికల తొలి విడతలో నేషనల్ ఫ్రంట్ జాబితాకు సుమారు 17 శాతం ఓట్లు వచ్చినవి. అంతటితో ఆగితే అది ఒక వార్త మాత్రమే. కాని మలి విడతలో వామపక్షాన్ని ఓడించాలన్న ఆతురతతో మితవాద పక్షాలు తమ జాబితాను ఈ పక్షపు జాబితాతో కలిపివేసి గెలిచినవి. నిన్నటివరకు పెద్దమనుషులు పక్కన కూర్చోబెట్టుకోని మనిషికి నేడు పీట వేసినారు. మితవాదులలోనే ఉన్న సిమోన్ వేల్, నాజీల ఆష్విట్జ్ శిబిరం నుండి ప్రాణాలతో బయటపడిన ఆ విదుషీమణి, తానైతే ఆ రెండవ విడతలో ఎవరికీ ఓటు వేయనని ప్రకటించింది. ఆమె మాట అప్పుడు చెల్లలేదు. మరుసటి ఏడాది ఐరోపా పార్లమెంటు ఎన్నికలలో నేషనల్ ఫ్రంట్‌కు 11 శాతం ఓట్లు, 10 స్థానాలు దక్కినవి.

సాయం చేసినవారిలో వామపక్షం లేదనుకొంటే పొరపాటు. అధ్యక్షుడు మిత్తరాఁ హయాములో, మితవాదుల ఆధిక్యాన్ని తగ్గించవచ్చుననే తలంపుతో, 1986 ఎన్నికలకు దామాషా పద్ధతి ప్రవేశపెట్టినారు. నేషనల్ ఫ్రంట్‌కు 35 మంది సభ్యులు వచ్చినారు. 1988లో పాత పద్ధతి తిరిగి వచ్చేసరికి, ఓట్లు రమారమి అవే అయినా, మిగిలినది ఒక్క సభ్యురాలు. పరీక్షలో ఎన్నికల విధానాల ప్రభావానికి ఉదాహరణ అడిగితే ఇంతకంటె మంచిది దొరకదు. అయితే ఆ రెండేళ్ళలో ఆ 35 మంది దేశానికి పరిచితులైపోయినారు. పరిచయాన్ని ఏ చట్టమూ రద్దు చేయలేదు కదా!

తరువాతి అంకెలను వేగంగా చెప్పి ముగిస్తాము. 2002 ఏప్రిల్ 21న లె పెన్ 16.9 శాతం ఓట్లతో ప్రధానమంత్రి జోస్పాఁను వెనుకకు నెట్టి అధ్యక్ష పదవికి తుది పోటీలో నిలిచినాడు. దేశం ఉలిక్కిపడి, 82 శాతం ఓట్లతో షిరాక్‌ను గెలిపించింది. 2011లో కుమార్తె మరీన్ పగ్గాలు చేపట్టింది. యూదుల హననశాలలను చరిత్రలో ఒక చిన్న వివరమని తేలిక చేసి జరిమానాలపాలైన తండ్రిని 2015లో ఆమెయే పక్షం నుండి బహిష్కరించింది. 2018లో పేరు కూడా నేషనల్ ర్యాలీగా మార్చింది. తుది పోటీలో 2017లో 34 శాతం, 2022లో 41 శాతానికి పైగా ఆమెకు ఓట్లు పడినవి. 2024 జూన్‌లో ఐరోపా ఎన్నికలలో 31 శాతంతో ఆ పక్షం అందరికంటె ముందు నిలిచింది. అదే నెలలో జరిగిన పార్లమెంటు ఎన్నికల తొలి విడతలోనూ ముందే నిలిచి, మలి విడతలో ఇతరులు ఏకమైనందున మూడవ స్థానానికి జారింది. తండ్రి 2025 జనవరిలో మరణించినాడు. ఐరోపా పార్లమెంటు నిధులను పక్షపు పనులకు మళ్ళించిన నేరానికి ఆ మార్చిలోనే కుమార్తెకు శిక్ష పడింది. ఆమె అప్పీలుకు వెళ్ళింది.

అధికారం చేతికి రాకపోతే నష్టమేమి అని అడగవచ్చు. 1995లో ఆరాఁజ్ పట్టణ పాలన వారి చేతికి వచ్చినప్పుడు, అక్కడి గ్రంథాలయంలో ఏ పుస్తకాలు కొనవలెనో, ఏవి కొనరాదో వారు శాసించసాగినారు. 1996లో ప్రభుత్వ తనిఖీదారులు దీనిని నివేదికలో ఎండగట్టినారు. మన కళాశాల గ్రంథాలయంలో ఉర్దూ బీరువా, తెలుగు బీరువా పక్కపక్కనే ఉన్నవి గనుక ఈ సంగతి మాకు మరీ గ్రుచ్చుకొన్నది. 1995లోనే, మే 1న, ఆ పక్షపు ఊరేగింపుకు వచ్చిన కొందరు యువకులు మొరాకో దేశపు మనిషి ఒకనిని సెన్ నదిలోనికి త్రోసివేసినారు. అతడు మునిగి మరణించినాడు. అతని స్మృతిఫలకం నేటికీ ఆ వంతెన వద్ద ఉన్నది.

ప్రభుత్వ పాఠశాలలలో మతచిహ్నాలను, ఆడపిల్లల తలగుడ్డతో సహా, నిషేధించిన 2004 నాటి చట్టం మరొక రకమైన విషయం. దానికి అనుకూలంగా 494 మంది, ప్రతికూలంగా 36 మంది ఓటు చేసినారు. నాటి సభలో నేషనల్ ఫ్రంట్ సభ్యుడు ఒక్కడైనా లేడు! ఆ చట్టానికి మూలం లౌకికవాదమని, అది 1905 నుండి వస్తున్న సంప్రదాయమని చెప్పేవారు వామపక్షంలోనూ ఎందరో ఉన్నారు. వారందరినీ లె పెన్ శిష్యులనడం అన్యాయం. అయినా ఇరవై ఏళ్ళపాటు ఒకే ప్రశ్నను ఒకే మనిషి అడుగుతూ ఉంటే, తక్కినవారందరూ ఆ ప్రశ్నకే సమాధానాలు వెదుకసాగినారన్నది మా అభిప్రాయం.

ఇంతవరకు చెప్పినది పుస్తకాల విద్య. మాకు ఈ విషయం నిజంగా తెలిసినది 2022 మే నెలలో, కాకినాడ నుండి వస్తూ గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో. ఎదుటి బెర్తులో యానాం పెద్దాయన ఒకరు కూర్చున్నారు. యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండినదని, 1962లో ఒప్పందం అమలులోనికి వచ్చినప్పుడు కోరుకొన్నవారికి ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొనే వీలు కలిగిందని పాఠకులకు తెలిసే ఉంటుంది. వారి తండ్రి అట్లా నిలుపుకొన్నవారు. ఈయన ముప్పై ఏళ్ళు పారిస్ పరిసరాలలోని ఒక కర్మాగారంలో పనిచేసి, పింఛనుతో తిరిగి వచ్చి స్థిరపడినారు. అధ్యక్ష ఎన్నికలు జరిగి నెల కూడా కానందున మేము ఆ ప్రస్తావన తెచ్చినాము.

"ఈసారి ఆవిడకే వేశానండి మాష్టారూ," అన్నారు ఆయన, అరటిపండు ఒలుస్తూ.

మేము ఆశ్చర్యపోయి, "అదేమిటండీ, మీరూ వలస వెళ్ళినవారే కదా?" అన్నాము.

"మేం పని చేసుకోడానికి వెళ్ళామండి. వాళ్ళ భాష నేర్చుకుని, తల వంచుకుని బతికాం. ఇప్పుడొచ్చేవాళ్ళు అలా కాదండి." కొంచెం ఆగి, "మొదట్లో మమ్మల్నీ నానా మాటలూ అన్నార్లెండి," అన్నారు. తరువాత మాకూ ఒక పండు ఇచ్చి, సామర్లకోట దాటేసరికి నిద్రపోయినారు.

ఆయన మీద మాకు కోపం వచ్చింది. విజయవాడ వచ్చేవరకు ఆ కోపం ఉన్నది. అటుపైన మా ఇల్లు జ్ఞాపకం వచ్చింది.

మేము చదువుకొనే రోజులలో గది కోసం ఒక వీధి వీధంతా తిరిగినాము. ప్రతి ఇంటివారూ మర్యాదగా మాట్లాడి, పేరు అడిగి, చెప్పగానే, "నిన్ననే ఇచ్చేశాం బాబూ," అనేవారు. బోర్డు మాత్రం గేటుకు వ్రేలాడుతూనే ఉండేది. ఈ కథను ఎన్నో సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొన్నాము. కాని గౌతమీ ఎక్కడానికి రెండు నెలల ముందు, మా మేడమీది గదికి బీహారు నుండి వచ్చిన వడ్రంగులు ఇద్దరు వచ్చినారు. అద్దె ముందుగానే ఇస్తామన్నారు. వచ్చీరాని తెలుగులో మాట్లాడినారు. అందులో ఒకడు మా పెద్దబ్బాయి వయసువాడు. వాళ్ళు ఎట్లాంటివాళ్ళో, ఎందరిని తెచ్చి పెడతారో అని ఇంట్లో అనుకొన్నారు. ఇంట్లో అనుకొన్నారని వ్రాయడం కూడా తప్పించుకొనడమే. మేమే అనుకొన్నాము. గేటు దగ్గర నిలబడి, "నిన్ననే ఇచ్చేశాం," అని హిందీలో చెప్పినాము. ఆ అబ్బాయి మా భుజం మీదుగా బోర్డు వైపు ఒకసారి చూచినాడు.

ఆ గది మరి మూడు మాసాలు ఖాళీగానే ఉన్నది. తరువాత బ్యాంకు ఉద్యోగి ఒకరు సకుటుంబంగా వచ్చి చేరినారు.