అక్కికి గడువు మూడ్రోజులే!

కృష్ణా డెల్టా పల్లెల్లో అక్కి లేస్తే కుమ్మరి చేత జాజుతో సింహం బొమ్మ రాయించుకోవడం పాత అలవాటు. రెండు మూడు వారాల్లో పొక్కులు వాటంతటవే మాడతాయి. పేరేమో బొమ్మకొస్తుంది. నరాల మంట మాత్రం కొందరిని నెలల తరబడి వదలదు.

మా అమ్మకి నడుం పక్కన లేచినప్పుడు బెజవాడ తీసుకొచ్చా. ‘ఎన్నాళ్లయింది?’ అన్నారు డాక్టరుగారు. రెండ్రోజులు. ‘నయం, 72 గంటల్లోపే మందు పడితే మంచిది’ అన్నారు. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్సే నరాల్లో దాక్కుని ఇలా లేస్తుందట. కిడ్నీల పరీక్ష చూశాకే ఎసైక్లోవిర్ రాశారు. 800 మిల్లీగ్రాములు, రోజుకి 5 సార్లు, 7 రోజులు. కిడ్నీలు బలహీనమైతే మోతాదు తగ్గించాలి. నీళ్లు బాగా తాగాలి. పొక్కులు మాడాయని మధ్యలో ఆపకూడదు. కంటి దగ్గర లేస్తే ఒక్కపూట కూడా ఆగొద్దన్నారు.

‘కుమ్మరి బాబాయి ఏమనుకుంటాడో’ అంది అమ్మ.

‘పొక్కులు మానాక రాయించుకుందువుగానిలే’ అన్నా.