బుబ్బీగారి వంటింట్లో గోధుమ లేని మాట్జో ఉండలు

ఎడిసన్ అనగానే మనవాళ్ళకి ఓక్ ట్రీ రోడ్డు గుర్తొస్తుంది. ఇడ్లీ రవ్వ దగ్గర్నుంచి పట్టుచీరల దాకా అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే దొరుకుతాయి. మేముండేది ఊరికి ఇంకో వైపు, హైలాండ్ పార్కుని ఆనుకుని. ఇక్కడ శనివారం ఉదయం యూదుల కుటుంబాలు పిల్లాజెల్లాతో ప్రార్థనకి నడిచి వెళ్తుంటాయి. సబ్బాతు నాడు వాళ్ళు కారెక్కరు.

మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటారు. మా అమ్మాయి ఆవిడని 'బుబ్బీ' అంటుంది. యిద్దిష్ భాషలో అమ్మమ్మా బుబ్బీయే, నాయనమ్మా బుబ్బీయే.

మా అమ్మాయికి ఏడో ఏట ఎడతెగని కడుపునొప్పి పట్టుకుంది. చివరికి సీలియాక్ జబ్బని తేలింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నప్రేగుని దెబ్బతీస్తుంది. దానికి మందు లేదు, జీవితాంతం అవి మానెయ్యడమే. 'అన్నం తినేవాళ్ళం, మనకేం భయం' అనుకున్నాను. పూరీ పోయింది, గోధుమ రవ్వా పోయింది, సేమ్యా పాయసం పోయింది. ఆఖరికి పోపులో వేసే ఇంగువ డబ్బా తిప్పి చదివితే అందులోనూ గోధుమ పిండి! పుట్టినరోజు పార్టీలకి దాని డబ్బా అది తీసుకెళ్ళేది. ఎవరేం పెట్టినా నా కొంగు పట్టుకుని, "అమ్మా, ఇది నేను తినొచ్చా?" అని అడిగేది.

ఆ వసంతంలో బుబ్బీగారు మమ్మల్ని పాసోవర్ పండుగ భోజనానికి పిలిచారు. దాన్ని సేడర్ అంటారు. ఈజిప్టు బానిసత్వం నుంచి తమవాళ్ళు బయటపడిన కథని ఆ రాత్రి ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. పండుగ పౌర్ణమి నాడు వస్తుంది. చాలా ఏళ్ళు మన చైత్ర పౌర్ణమి దగ్గర్లోనే పడుతుంది. ఇజ్రాయెల్ బయట ఉన్నవాళ్ళు ఎక్కువగా ఎనిమిది రోజులు చేసుకుంటారు. ఆ రోజుల్లో పులిసిన రొట్టె ముట్టరు. పిండిలో నీళ్ళు పడ్డాక 18 నిమిషాల్లోపే కాల్చేసిన పల్చని రొట్టె తింటారు. అదే మాట్జో. దాన్ని పొడి చేసి, గుడ్లు, కొవ్వు కలిపి ఉండలు చేసి, కోడి పులుసులాంటి తేట సూపులో వేస్తే మాట్జో ఉండల సూపు.

ఆ పొడి గోధుమదే. నేను నసుగుతూ సంగతి చెప్పి, "మా ఇంట్లో బియ్యప్పిండితో ఉండలు చేసి తెస్తానండీ" అన్నాను. ఆవిడ నవ్వారు. ఒకటి, మా గిన్నెలు ఆవిడకి పనికిరావు. పాసోవర్‌కి వాళ్ళ గిన్నెలే వేరు, ఏడాది పొడుగునా అటక మీద ఉంటాయి. రెండు, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల ఆచారంలో ఆ ఎనిమిది రోజులూ బియ్యం, పప్పుధాన్యాలు కూడా నిషిద్ధం. 2015లో కన్సర్వేటివ్ శాఖ పండితులు తినొచ్చని చెప్పినా, ఆవిడ మాత్రం తన తల్లి పద్ధతి వదల్లేదు.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మడి కట్టుకుని వండుతుంటే మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. ఇది కూడా అలాంటి గడపే అనుకుని చిన్నబుచ్చుకున్నాను.

బుబ్బీగారు మాత్రం, "ముందు ఈ సూపు పుట్టిల్లు చూసి రా. తర్వాత నా వంటింట్లోకి నువ్వే రా" అన్నారు. ఆవిడ తల్లి పెరిగింది మన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లోనట.

ఆ ఆదివారం అమ్మాయిని తీసుకుని ఎడిసన్‌లో రైలెక్కాను. పెన్ స్టేషన్లో దిగి, హెరాల్డ్ స్క్వేర్ దాకా నడిచి, ఎఫ్ ట్రైను పట్టుకుని డెలన్సీ స్ట్రీట్‌లో దిగాం. ఆర్చర్డ్ స్ట్రీట్ 97వ నంబరు భవనం 1863లో కట్టినది. ఇప్పుడది టెనెమెంట్ మ్యూజియం. 1935 దాకా ఇరవైకి పైగా దేశాల నుంచి వచ్చిన సుమారు 7,000 మంది ఆ ఒక్క భవనంలో కాపురాలు చేశారట. ఇరుకు గదులు, బొగ్గు పొయ్యి చూసి మా అమ్మాయి, "ఇంత చోట్లో అందరికీ ఎలా వండేవాళ్ళమ్మా?" అంది. కోడి ఒక్కటే ఉంటే నీళ్ళు ఎక్కువ పోసి సూపు చెయ్యాలి, విరిగిన మాట్జో పారెయ్యకుండా పొడి కొట్టి ఉండలు చెయ్యాలి. అమెరికా వచ్చిన కొత్తలో మనం చారుతో నెట్టుకొచ్చిన రోజులు లేవూ!

రివింగ్టన్ స్ట్రీట్‌లో 1925 నుంచి నడిచిన స్ట్రైట్స్ మాట్జో ఫ్యాక్టరీ 2015లో ఊరి బయటికి తరలిపోయింది. హ్యూస్టన్ స్ట్రీట్‌లో మాత్రం 1888 నాటి కట్జ్ హోటలూ, 1914 నాటి రస్ అండ్ డాటర్స్ దుకాణమూ ఇంకా ఉన్నాయి. బోర్డు మీద 'అండ్ సన్స్' కాకుండా 'అండ్ డాటర్స్' అని ఉన్నందుకు మా అమ్మాయి మురిసిపోయింది. కట్జ్‌లో పక్క బల్ల మీద మాట్జో ఉండల సూపు పొగలు కక్కుతోంది. అది గోధుమదే. మా అమ్మాయి ఏమీ అడగలేదు, చూసి ఊరుకుంది. అడిగితేనే నయమనిపించింది.

పండుగ ముందు రోజు బుబ్బీగారి వంటింట్లో అడుగు పెట్టాను. గట్టు మీద రెండే పొట్లాలు, బాదం పిండి, బంగాళాదుంప స్టార్చ్. "మా అత్తగారిది హసీదుల కుటుంబం. వాళ్ళు పాసోవర్‌లో మాట్జోని తడి తగలనివ్వరు. తడిస్తే ఎక్కడ పులుస్తుందోనని. అందుకని ఉండలు ఇలా చేసేవాళ్ళు. గ్లూటెన్ అనే మాట ఆవిడ వినైనా ఉండదు" అన్నారు. ఏకాదశికి బియ్యం మానేసి మనవాళ్ళు సగ్గుబియ్యం, దుంపలు వండుకోరూ, ఆ తెలివే ఇది.

"మా అమ్మాయికి చిన్న గిన్నెలో విడిగా చేద్దామా?" అన్నాను.

"నా బల్ల మీద రెండు గిన్నెలుండవు. ఒకటే కుండ, అందరికీ ఇదే" అన్నారావిడ.

ఆ రాత్రి సేడర్లో ఇంట్లో చిన్నపిల్లవాడు ఆచారం ప్రకారం నాలుగు ప్రశ్నలు అడిగాడు. మాట్జో పొట్టు పడకుండా మా అమ్మాయికి బల్ల చివర చోటిచ్చారు. సూపు వచ్చింది, అన్ని పళ్ళేల్లోనూ ఒకే ఉండలు. మా అమ్మాయి నా వైపు చూసి నోరు తెరిచింది. నేను చెప్పేలోపే బుబ్బీగారు, "ఐదో ప్రశ్నకి జవాబు: తినొచ్చు" అన్నారు. మూడు ఉండలు తిని ఇంకా కావాలంది.

ఇప్పుడు జలుబు చేస్తే మా ఇంట్లో మిరియాల చారు కాస్తాను, లేకపోతే ఇది. మీరూ చేసి చూడండి.

సూపుకి: కిలోన్నర కోడి ముక్కలు, 3 లీటర్ల నీళ్ళు, ఒక పెద్ద ఉల్లిపాయ, 3 క్యారెట్లు, 2 సెలెరీ కాడలు, గుప్పెడు డిల్ (మన సోయికూర), ఉప్పు. సన్నని సెగ మీద రెండు గంటలు కాచి, పైన తేలే తెట్టు తీసేసి వడకట్టాలి.

ఉండలకి: తొక్క తీసిన బాదం పిండి 1 కప్పు, బంగాళాదుంప స్టార్చ్ పావు కప్పు, 2 గుడ్లు, నూనె లేదా కోడి కొవ్వు 1 పెద్ద చెంచా, ఉప్పు ముప్పావు చిన్న చెంచా, కాస్త మిరియాల పొడి. గుడ్లు బాగా గిలక్కొట్టి అన్నీ కలిపి, మూతపెట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. నేను మా ఇంట్లో మొదటిసారి తొందరపడి వెంటనే వేస్తే అన్నీ విడిపోయి గంజి అయింది. పట్టి ఉంచే గ్లూటెన్ లేదు కదా, ఆ పని చల్లదనమే చెయ్యాలి. చేతులు తడి చేసుకుని చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి, మెల్లగా మరిగే ఉప్పునీళ్ళలో వేసి, మూతపెట్టి 20 నిమిషాలు ఉడికించి, తర్వాత సూపులో వెయ్యండి. శాకాహారులు కూరగాయల సూపు వాడుకోవచ్చు. ఉండలకి గుడ్లు మాత్రం తప్పవు.

ఒక్క జాగ్రత్త. పొట్లం మీద 'పాసోవర్‌కి పనికొస్తుంది' అని ఉన్నంత మాత్రాన అది గ్లూటెన్ లేనిదని కాదు, మామూలు మాట్జో గోధుమే. 'గ్లూటెన్ ఫ్రీ' అన్న మాట వెతకండి. 2013లో అమెరికా ప్రభుత్వం చేసిన నిబంధన ప్రకారం, ఆ మాట రాసిన పదార్థంలో గ్లూటెన్ పది లక్షల పాళ్ళకి 20 పాళ్ళకన్నా తక్కువుండాలి. పిల్లలకి ఈ జబ్బుందని అనుమానమొస్తే పరీక్షలయ్యేదాకా గోధుమ మాన్పించకండి. మానేస్తే పరీక్షలో తేలకపోవచ్చు.