మోతీతో విశాఖ తీరాన

ఉద్యోగరీత్యా ఢిల్లీలోనూ, దాని చుట్టూ విస్తరించిన నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్, గురుగ్రామ్ పట్టణాలలోనూ స్థిరపడిన తెలుగువారికి ఇక్కడ లోటు అంటూ పెద్దగా లేదు. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనం ఉన్నది. గోల్ మార్కెట్ దగ్గర తిరుమల తిరుపతి దేవస్థానం వారి బాలాజీ ఆలయం ఉన్నది. పిల్లల చదువుకు ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు ఉన్నాయి. లేనిదల్లా సముద్రమే. ఏ దిక్కున బయలుదేరినా రమారమి వెయ్యి కిలోమీటర్లు ప్రయాణిస్తే గాని ఒక్క అల కంటబడదు. కోస్తా జిల్లాలలో పుట్టి పెరిగిన మా వంటి వారు ఈ వెలితికి ఎన్నేళ్ళు గడిచినా అలవాటు పడలేరు. అందుకే ఎల్.టి.సి. మంజూరైన ప్రతిసారీ మా కుటుంబం మరో ఊరి పేరు తలవకుండా విశాఖపట్నానికే టిక్కెట్లు తీసుకుంటుంది.

ఎల్.టి.సి. నిబంధనలలో 'కుటుంబం' అన్న మాటకు స్పష్టమైన నిర్వచనం ఉన్నది. నాలుగు కాళ్ళ సభ్యుల ప్రస్తావన మాత్రం అందులో ఎక్కడా లేదు. మా మోతీ 2013 వానాకాలంలో మా సెక్టారు మార్కెట్టు వెనుక, తడిసిన అట్టపెట్టె కింద దొరికిన పిల్ల. ఏ జాతి అని అడిగినవారికి 'నోయిడా జాతి' అని బదులు చెబుతూ వచ్చాము. మేము సెలవుపై వెళ్ళినప్పుడల్లా వాడిని పొరుగింటి వారు ఎంతో ప్రేమగా చూసుకునేవారు. వాడు మాత్రం తిండి మానేసి మా గుమ్మం ముందు పడుకునేవాడు. 2023 చివరలో పశువైద్యుడు వాడి గుండె బలహీనపడినదనీ, ఎండ దెబ్బ తగిలితే తట్టుకోలేడనీ, ఎక్కడికైనా తీసుకువెళ్ళదలిస్తే చలికాలం దాటకముందే వెళ్ళి రమ్మనీ చెప్పారు. అదే ఏడు మా అమ్మాయి పైచదువులకు ఇల్లు విడిచి వెళ్ళవలసి ఉన్నది. ఇంటిల్లిపాదీ కలిసి సముద్రం చూసే అవకాశం మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. 2024 జనవరి నెలాఖరుకు ప్రయాణం నిశ్చయించాము.

రైలులో శునక ప్రయాణం గురించి సహోద్యోగులు పలువురు అడుగుతున్నందున ఆ వివరం కాస్త విపులంగానే వ్రాస్తున్నాము. కుక్కను మనతో పాటు కూర్చోబెట్టుకునే వీలు మొదటి తరగతి ఏ.సి.లో మాత్రమే ఉన్నది. అదీ రెండు బెర్తుల కూపేగాని, నాలుగు బెర్తుల క్యాబిన్‌గాని పూర్తిగా మన పేరనే ఉన్నప్పుడు. తక్కిన తరగతులలో ప్రయాణించేవారు దానిని బ్రేక్‌వ్యానులోని పెట్టెలో పంపవలసిందే. చప్పుడుకు బెదిరే ముసలి కుక్కను ఆ పెట్టెలో పెట్టాలంటే మాకు మనస్కరించలేదు. టిక్కెట్టు ముందుగా తీసుకున్నా ఎవరికి ఏ క్యాబిన్ అన్నది చార్టు తయారైతే గాని తేలదు. కనుక క్యాబిన్ కోరుతూ రైల్వే వారికి ముందుగా విన్నపం పెట్టుకోవాలి. రేబిస్ టీకా పత్రం, పశువైద్యుని ధ్రువపత్రం పట్టుకుని బండి వేళకు రెండు మూడు గంటల ముందే పార్సిల్ ఆఫీసుకు చేరుకోవాలి. అక్కడ లగేజి లెక్కన రుసుము కట్టించుకుని రసీదు ఇస్తారు.

న్యూఢిల్లీ నుంచి విశాఖకు ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులు, నడుమ ఒక పగలు. నాగపూర్‌లోనూ బల్లార్షాలోనూ బండి ఆగినప్పుడు మోతీని ప్లాట్‌ఫారం చివరకు నడిపించి తెచ్చాము. వాడికి తొలినాడు పెరుగన్నం తప్ప మరేదీ పెట్టలేదు. వరంగల్ దాటి తెలుగు బోర్డులు కనిపించడంతో మాకు ప్రాణం లేచి వచ్చినది. వాడు నిద్రలోనే ఉన్నాడు.

బస దగ్గర మాత్రం పురాణకాలపు చిక్కే ఎదురైనది. ముందుగా ఫోనులో ఒప్పుకున్న ఒక అతిథిగృహం వారు కుక్కను కళ్ళారా చూసిన మీదట వెనుకకు తగ్గారు. మనుషులకు గదులున్నాయనీ, దానిని మాత్రం బయట కట్టేయమనీ అన్నారు. స్వర్గద్వారం దగ్గర ధర్మరాజుకు ఎదురైన ప్రశ్నకూ దీనికీ తేడా ఏమున్నది? ఆయన వలెనే మేమూ గుమ్మం ఎక్కలేదు. సాగర్‌నగర్ వైపు పెరడు ఉన్న ఒక ఇల్లు వారం రోజుల అద్దెకు దొరికినది. ఆ ఇంటి పెద్దావిడ, "కుక్కా? మా పెరట్లో నాలుగున్నాయి, ఐదోది కూడా ఉండనీండమ్మా" అన్నారు.

పాశ్చాత్య దేశాలలో కుక్కలకు అనుమతి ఉన్న తీరాలను బోర్డులు పెట్టి మరీ చూపుతారు. కాలిఫోర్నియాలోని కార్మెల్ పట్టణపు తీరంలో యజమాని పిలుపుకు లోబడే కుక్కలను గొలుసు లేకుండానే తిరగనిస్తారు. ఇంగ్లండులో చాలా తీరాలు మే నుంచి సెప్టెంబరు వరకు వాటిని రానివ్వవు. మన దగ్గర అటువంటి బోర్డులు మాకు కనబడలేదు. అలాగని ఎక్కడైనా వదిలివేయవచ్చునని అర్థం కాదు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఋషికొండ తీరాన్నే తీసుకుంటే, ఆ గుర్తింపుకు ఉన్న నియమాలలో కుక్కలను కట్టుదిట్టంగా అదుపు చేయాలన్నది ఒకటి. స్నానాలు చేసే పిల్లల నడుమకు కుక్కను తీసుకుపోవడం మాకూ మర్యాద అనిపించలేదు. ఋషికొండను రోడ్డు మీద నుంచే చూసి ముందుకు సాగాము. ఇక రామకృష్ణా బీచి సంగతి. కురుసుర జలాంతర్గామి ముందు ఫోటో కోసం నిలబడిన జనమూ, మొక్కజొన్న పొత్తుల బండ్లూ, గుర్రపు సవారీలూ చూసి మోతీ తోక ముడిచాడు. అరగంటలో వెనుదిరిగాము. అక్కడి అలల ఈడ్పు ఎందరి ప్రాణాలనో బలిగొన్నది. మనుషులకే అది తగిన చోటు కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ముసలి కుక్కకు మా పశువైద్యుడు అనుకూలమని చెప్పిన ఆ చల్లని నెలలే, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వచ్చే నెలలు కూడా. జనవరి మొదలు ఏప్రిల్ దాకా తల్లి తాబేళ్ళు రాత్రివేళ ఇసుకమీదికి ప్రాకి, పోటు గీతకు పైన గొయ్యి తవ్వి, ఒక్కొక్క గూటిలో వంద, అంతకు మించి గుడ్లు పెట్టి కప్పి వెళ్ళిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి ఇది. గుడ్లకు ప్రధాన శత్రువులు మూడు: నక్క, పంది, కుక్క. వాసన పట్టి తవ్వడానికి కుక్కకు అయిదు నిమిషాలు చాలు.

మూడవనాటి తెల్లవారుజామున ఇంటి పెద్దావిడ మమ్మల్ని లేపి తీరానికి తీసుకువెళ్ళారు. ఇసుకమీద ట్రాక్టరు చక్రం దొర్లినట్టుగా ఒక జాడ నీటి నుంచి పైకి వచ్చి, మరొక జాడ తిరిగి నీటిలోకి పోయినది. అటవీశాఖ తరఫున పనిచేసే ఇద్దరు కుర్రవాళ్ళు మోకాళ్ళమీద కూర్చుని చేతులతోనే ఇసుక తోడుతున్నారు. తెల్లగా, గుండ్రంగా, పింగ్‌పాంగ్ బంతుల్లా ఉన్న గుడ్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ బుట్టలోకి ఎత్తారు. కంచె వేసిన సంరక్షణ కేంద్రంలో మళ్ళీ అంతే లోతున పూడుస్తారట. నలభై అయిదు నుంచి అరవై రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. గూటి వేడిని బట్టి అవి ఆడవో మగవో తేలుతుందనీ, వేడి హెచ్చితే ఆడపిల్లలే ఎక్కువనీ ఆ కుర్రవాళ్ళలో ఒకరు మా అమ్మాయికి వివరించారు.

మోతీ అంతసేపూ ముక్కు ఎగబీలుస్తూ గొలుసును లాగుతూనే ఉన్నాడు. వాడి చూపు బుట్టమీదనే. పదకొండేళ్ళుగా మా మంచం పక్కన పడుకునే సాధుజీవి కంటిలో ఆ వేటకళ చూసి మా అమ్మాయి వాడిని కౌగలించుకుని దూరంగా తీసుకుపోయినది. "మీ కుక్క తప్పేం లేదండి. దాని ముక్కు పని అది చేస్తది. గొలుసు వదలకండి, రాత్రిపూట తీసుకురాకండి, అంతే" అన్నాడా కుర్రవాడు. ఆ మాటనే మేము వారమంతా నియమంగా పాటించాము. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయానికి పిమ్మట తీరంలో అడుగు పెట్టలేదు. నడిచినంతసేపూ అల తాకి గట్టిపడిన తడి ఇసుక మీదనే నడిచాము. గూళ్ళన్నీ పోటు గీతకు పైన పొడి ఇసుకలో ఉంటాయి కనుక, ఈ ఒక్క జాగ్రత్తతో చాలావరకు హాని తప్పుతుంది. గుండె బలహీనమైన కుక్కకు కూడా తడి ఇసుక నడకే తేలిక.

కొట్టుకువచ్చిన చచ్చిన తాబేలును కూడా ఒకచోట చూశాము. మరబోట్లు ఈడ్చే వలలో చిక్కి, ఊపిరి కోసం పైకి రాలేక చనిపోతాయి. తాబేలు తప్పించుకునే ద్వారం ఉన్న వలలు వచ్చాయి గాని, వాటి గుండా చేపలూ జారిపోతాయని బోటు యజమానుల ఫిర్యాదు. కుక్కను గొలుసుతో కట్టి తాబేలును కాపాడామని మేము తృప్తి పడితే చాలదన్నమాట.

బీచి రోడ్డు వెంట భీమునిపట్నం వైపు వెళ్తూ మంగమారిపేటలో ఆగాము. సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఇక్కడ చూడదగినది. అయితే ఇది అన్నిటికన్నా ముందు జాలరుల ఊరు. ఇసుకే వారి వాకిలి, వారి కార్ఖానా. ఒకపక్క వలలు పరచి బాగుచేస్తారు. ఒకపక్క చేపలు ఎండవేస్తారు. "ఆడి తాడు పొట్టిగా పట్టుకోండి బాబూ! గోరు తగిల్తే వల కన్ను తెగిపోద్ది" అని ఒక ముసలాయన కేక వేశాడు. తెగిన కన్ను అల్లడానికి ఆయనకు ఎంతసేపు పడుతుందో కూర్చుని చూశాము. తరువాత ఎండుచేపల వైపు మోతీని పోనివ్వకుండా చుట్టు తిరిగి వెళ్ళాము. విలాసానికి వచ్చిన మనకు అది విశాలమైన ఖాళీ స్థలంగా కనబడుతుంది. ఖాళీ జాగా అక్కడ జానెడైనా లేదు.

ఊరి కుక్కలు మరొక సమస్య. ఒక్కొక్క పడవల వరుసకూ ఒక్కొక్క గుంపు. వాటికి పేర్లున్నాయి, చేపముక్కలు వేసే మనుషులున్నారు. వాటి హద్దులోకి పరాయి కుక్క వస్తే ఊరుకోవు. ఒక గుంపు మమ్మల్ని చుట్టుముట్టబోతే ఒక బెస్త ఇల్లాలు కర్ర ఎత్తి అదిలించినది. మా మోతీ పుట్టుక కూడా ఇటువంటి గుంపులోదే కదా అని ఆ రోజు అనుకున్నాము. మరుసటి ఏడు, 2025 ఆగస్టు 11న, ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడూ, అదే నెల 22న దానిని సవరించి, రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ మినహా తక్కినవాటికి శస్త్రచికిత్స, టీకాలు ముగించి యథాస్థానంలో విడవమన్నప్పుడూ మా సెక్టారులో రెండు పక్షాలు ఏర్పడి పెద్ద వాదులాటే జరిగినది. కుక్క కాటుకు గురైన పిల్లల తల్లిదండ్రుల భయం మాకు తెలుసు. తీరంలో ఆ ఇల్లాలి కర్ర కూడా మాకు గుర్తున్నది. ఆ కర్ర ఏ కుక్కనూ కొట్టలేదు.

మోతీకి సముద్రం దక్కినది భీమిలిలో. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు, డచ్చివారు వర్తకం సాగించిన రేవు. వారి సమాధుల మీది రాళ్ళు నేటికీ నిలిచి ఉన్నాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసే ప్రాంతానికి కాస్త ఇవతల, పడవలూ జనమూ లేని తీరం ఉదయం ఎనిమిదింటికి మాకు దొరికినది. తొలి అల వచ్చి పాదాలు తడిపితే మోతీ నాలుగడుగులు వెనుకకు దూకి మొరిగాడు. అల వెనక్కు పోయినది. తానే తరిమినట్టు వాడి ముఖంలో గర్వం! మళ్ళీ వచ్చినది, మళ్ళీ మొరిగాడు. పదిసార్లయ్యాక ఇది తరిమితే పోయే శత్రువు కాదని గ్రహించాడు కాబోలు, మోకాటి లోతు నీటిలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. మా అమ్మాయి గొలుసు పట్టుకుని పక్కనే కూర్చున్నది. దాదాపు గంటసేపు ఇద్దరూ కదలలేదు. మేము పిలవలేదు.

కుక్కతో వెళ్ళదలచిన వారికి మరికొన్ని మాటలు. మంచినీరు వెంట ఉండాలి. ఉప్పునీరు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒడ్డున పడి ఉన్న చేపలను మూతి పెట్టనివ్వరాదు. బంతివలె ఉబ్బే ముళ్ళ చేప ప్రాణాంతకమైన విషం. తెగిన వల పోగులు, గాలాలు కాళ్ళకు గుచ్చుకుంటాయి. పది గంటలు దాటితే ఇసుక అరికాళ్ళను కాలుస్తుంది. మన అరచేయి ఇసుకపై ఆనించి ఓర్చుకోలేకపోతే కుక్కనూ నడిపించరాదు. ఇంటికి రాగానే మంచినీటితో ఉప్పు కడిగి చెవులు తుడవాలి. అది విసర్జించినది ఎత్తడానికి కాగితపు సంచులు మరువరాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం కనుక పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఎండ సంగతి సరేసరి, ఆ రోజులలో తీరాన నడవడానికి చోటు కూడా తక్కువే.

తిరుగు ప్రయాణానికి విశాఖ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగారు మోతీ పత్రాలు చూసి, వయస్సు దగ్గర ఆగి, "పదకొండేళ్ళా! ఇంత దూరం దేనికండీ తెచ్చారు?" అని అడిగారు. సముద్రం చూపించడానికి అన్నాము. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, బల్ల మీదుగా వంగి వాడిని ఒకసారి చూసి, రసీదు మీద ముద్ర వేశారు.